నాలుగు గంటల ఆకు

"ఎనభై ఒకటి," అన్నాడు రూపేష్, టాబ్లెట్‌ని నా ముక్కు కిందికి తోస్తూ. "చూడండి ఆంజనేయప్పా. సంతోషం, ఎనభై ఒక్క శాతం. మొగుడి శవం ఫోటో చూస్తున్న ఆడమనిషి ముఖంలో."

కళ్ళజోడు సర్దుకొని చూశాను. తెర మీద అర్పిత ముఖం ఆగి ఉంది. పెదవుల కొసలు రెండూ పైకి లేచాయి, పై పళ్ళు కొంచెం కనబడుతున్నాయి. నవ్వే. ఎవరిని పిలిచి చూపించినా నవ్వే అంటారు. ముఖం నిండా పచ్చ చుక్కలు, పక్కన అంకెలు.

మధ్యాహ్నం ఒకటీ నలభై. బట్లహళ్ళికి రెండు మైళ్ళ ఇవతల, పాల డైరీ గదిలో కూర్చున్నాం. నిన్న సాయంత్రం నుంచి నేను వీపు వాల్చలేదు. మోకాలు వాచింది. టీలు తాగి తాగి నోరు చేదెక్కింది. పొద్దున పదింటికి చిక్కబళ్ళాపురం నుంచి కారు దిగిన ఈ ఇన్‌స్పెక్టరు చొక్కా మీద మాత్రం ఇస్త్రీ మడత ఇంకా నిలబడే ఉంది. నేను ఏఎస్సైని, యాభై ఎనిమిదేళ్ళు. అతనికి ముప్పై అయిదు. వయసులో నేను పెద్ద, హోదాలో అతను పెద్ద, అందువల్ల ఇద్దరం ఒకరికొకరం ‘మీరు’ అనుకుంటూ పళ్ళు నూరుకుంటున్నాం.

చనిపోయినవాడు పురుషోత్తమ్, పట్టుపురుగులు పెంచే రైతు. నిన్న, మంగళవారం, సాయంత్రం ఆరూ పదికి అతని తోటలోని హొండలోనే దొరికాడు. హొండ అంటే ప్లాస్టిక్ షీటు పరిచిన నీళ్ళ గుంత. ఈ వైపు ప్రతి తోటలోనూ ఒకటి ఉంటుంది. జారినవాడికి ఆ షీటు ఎక్కడా పట్టు ఇవ్వదు. మోటారు నీళ్ళు తోడేకొద్దీ మట్టం దిగి, చొక్కా బయటపడింది. తల వెనక గాయం, ఊపిరితిత్తుల్లో నీళ్ళు. ప్రాణం పోయింది మధ్యాహ్నం ఒకటికీ రెండుకూ మధ్య అని చింతామణి ఆస్పత్రి డాక్టరు చెప్పాడు.

ఆ ఇంట్లో ఇక మిగిలింది ముగ్గురు. తల్లి చౌడమ్మ, భార్య అర్పిత, పెళ్ళికాని తమ్ముడు దేవరాజ్. రూపేష్ ముగ్గురికీ శవం ఫోటో చూపించి, చూస్తున్నప్పుడు వాళ్ళ ముఖాలు రికార్డు చేశాడు. బెంగళూరులో ఐదు రోజుల ట్రైనింగ్ అయిందట.

"ఇది తమ్ముడిది," అని వేలితో తెర జరిపాడు. దేవరాజ్ కనుబొమల లోపలి కొసలు పైకి లేచాయి, గడ్డం వణికింది. పక్కన అంకె తొంభై నాలుగు, దుఃఖం. "ఈ కండరం చూశారా, దీన్ని కావాలని కదపడం ఎవరికో గానీ రాదు. దొంగ ఏడుపైతే ఇక్కడ పట్టుబడిపోతుంది. ఇది దొంగ ఏడుపు కాదు."

"కాదు సార్," అన్నాను. నాకూ అట్లాగే అనిపించింది.

"తల్లిదీ అంతే. ఇద్దరు ఏడ్చారు, ఒకామె నవ్వింది. నిన్న పన్నెండున్నరకు ఆ మొగుడూపెళ్ళాలు పోట్లాడుకోవడం పక్క పొలం పిళ్ళప్ప విన్నాడు. ఒకటి నుంచి మూడు దాకా ఒక్కదాన్నే పురుగులకు మల్బరీ ఆకు కోస్తూ ఉన్నానంటుంది, చూసినవాడు లేడు. పోట్లాట దేనికంటే నోరు విప్పదు. నాలుగింటికి తీసుకెళ్తున్నాను. రేపు పొద్దున కోర్టు."

"ఒక్క రోజు ఆగండి సార్."

"దేనికి?"

దేనికంటే ఏం చెప్పను? పన్నెండేళ్ళ కిందట బయ్యప్ప అనే మనిషిని దొంగ అని పట్టుకున్నాను. అడిగితే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కళ్ళు కలపలేకపోయాడు. ముఖం మీదే రాసి ఉంది సార్ అని పై అధికారికి నేనే చెప్పాను. ఏడు నెలలు లోపల ఉన్నాడు. ఆ తరువాత తెలిసింది, అతనికి థైరాయిడ్ జబ్బు, చెమటా వణుకూ పుట్టెడు. అసలు దొంగ ఆ వారమంతా మాకు టీలు తెచ్చిచ్చి, నవ్వుతూ గ్లాసులు తీసుకుపోయినవాడు. బయ్యప్ప ఇప్పటికీ బస్సులో కనబడితే నన్ను చూసి నవ్వుతాడు. ఆ నవ్వు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే మొహమూ నాకు లేదు.

"నాలుగింటి దాకా టైముంది కదా సార్. నా తనిఖీ నేను చేసుకుంటాను," అని లేచాను.

అర్పితను పక్క గదిలో కూర్చోబెట్టారు. మహిళా కానిస్టేబులు అంబిక తోడుగా ఉంది. నేను లోపలికి అడుగు పెట్టగానే అర్పిత లేచి నిలబడింది. నిలబడి నవ్వింది. నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండింది.

"ఏమమ్మా, నన్ను చూస్తే నవ్వొస్తాందా?"

"నవ్వలేదు సార్."

"ఇప్పుడు నవ్వుతానే ఉండావు."

గబుక్కున కొంగుతో నోరు మూసుకుంది. "అది నాకు తెలీదు సార్. భయమైతే మొగం అట్లయిపోతాది. ఇస్కూల్లో మేష్ట్రు కొట్టేటప్పుడు నవ్వుతాండానని ఇంగా నాలుగు ఎక్కువ కొడతాండె. మా బాగేపల్లిలో ఎవుర్నైనా అడగండి."

ముఖం వదిలేసి చేతులు చూశాను. బొటనవేళ్ళు లోపల పెట్టి పిడికిళ్ళు బిగించింది. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. నోటి మీద నుంచి కొంగు జారినప్పుడల్లా ఆ నవ్వు అక్కడే ఉంది. కానీ ముద్దాయి చెప్పే మాట ముద్దాయికి సాక్ష్యం కాదు. రూపేష్ దగ్గర అంకె ఉంది, నా దగ్గర ఒక పిడికిలి ఉంది.

"నిన్న పన్నెండున్నరకు ఏమిటికి పోట్లాడితిరి?"

తల వంచుకుంది.

"చెప్పకపోతే జైలుకు పోతావమ్మా. తమాషా కాదు."

"అది ఇంటి మాట సార్. బయటపడితే ఇంగొకరి బతుకు పోతాది. నేను చెప్పను."

"నీ బతుకో?"

అంబిక నా వైపు చూసి పెదవి విరిచింది. పొద్దుటి నుంచి ఇదే వరస.

బయట మెట్టు మీద చౌడమ్మ కూర్చొని ఉంది. జుట్టు విరబోసుకుని, గొంతు పోయేదాకా ఏడ్చినట్టుంది. నన్ను చూడగానే మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ పాపిష్టిదాన్ని ఇంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాండారే అప్పా. దానికి గుండె లేదు. వాళ్ళ నాయన సచ్చిన పొద్దు కూడా ఆస్పత్రి ముందర ఇట్లే పండ్లు ఇకిలించి నిలబడె. నా రెండు కండ్లతో చూస్తి. ఆ ఇన్‌స్పెక్టరు సాహేబుకు గూడా చెప్తి."

"నాయనంటే పడేది కాదా ఆయమ్మకు?"

"పడేది కాకేమి, నాయనంటే ప్రాణం. మూడు దినాలు నీళ్ళు గూడా..." అని ఆగిపోయింది. కొంగు ముఖాన కప్పుకుంది.

నేను ఆ మాట జేబు పుస్తకంలో రాసుకున్నాను. రెండూ అయిదు. ప్రాణంగా చూసుకున్న తండ్రి చావుకు కూడా నవ్విందంటే, ఆ ముఖంలో నవ్వు సంతోషం కాదు. అత్త తిట్టడానికి చెప్పిన మాట కోడలికి సాయంగా వచ్చింది.

అక్కణ్ణుంచి హొండ దగ్గరికి పోయాను. డైరీ నుంచి ఆరు నిమిషాల నడక, నా మోకాలితో పదకొండు. గట్టు మీద ఒక ఇనుప గూటం ఉంది. జారినవాడు పట్టుకుని ఎక్కడానికి దానికి ఎప్పుడూ ఒక నైలాన్ తాడు కట్టి, కొస నీళ్ళలో వదిలి ఉంచుతారు. ఆ తాడు నిన్న నీళ్ళలో లేదు. నిన్న నేను రాసిన పంచనామాలోనే ఉంది ఆ సంగతి. మునిగేవాడికి అందకుండా హంతకురాలు తాడు లాగేసిందని రూపేష్ అన్నాడు, నేనూ రాత్రి అట్లాగే అనుకున్నాను.

పగటి వెలుగులో మళ్ళీ చూశాను. గూటం తూర్పు గట్టున ఉంది. తాడు దొరికింది పడమటి గట్టున. పడమటి గట్టునే పైపు కింద సిమెంటు దిమ్మ, దాని అంచున రక్తం. అంటే పురుషోత్తమ్ పడింది పడమట. తాడుకు పట్టిన పాచి ఎండి గోధుమరంగు తిరిగింది. ఒక కొస గట్టు మీద గడ్డిలో, రెండో కొస నీటి అంచు వైపు చాచి ఉంది. అందకుండా చేయాలనుకున్నవాడు ముడి విప్పి, గట్టు చుట్టూ తిరిగి, పడ్డవాడి దగ్గరికే తాడు ఎందుకు తెస్తాడు? తాడు లాక్కున్నట్టు లేదు, విసిరినట్టు ఉంది. తోసిన చెయ్యే తాడు కూడా విసిరిందా? కూర్చొని ఆలోచించడానికి మోకాలు వంగలేదు. నిలబడే ఆలోచించాను.

పురుగుల షెడ్డు తోట చివర ఉంది. మూడూ అయిదుకు చేరాను. పక్క పొలం పిళ్ళప్ప వాకిట్లో ఆకు మోపు విప్పుతున్నాడు. ఇంట్లో చావు కాబట్టి పురుగుల బాధ్యత అతనూ అతని పెళ్ళామూ మోస్తున్నారు. గడప దగ్గర బ్లీచింగ్ పొడి చల్లిన గోనెసంచి. చెప్పులు విడిచి దాని మీద అడుగు పెట్టబోయాను.

పిళ్ళప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. అరవై ఏళ్ళ రైతు, యూనిఫారం వేసుకున్న పోలీసుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమనుకోవద్దండి సార్. నిన్న మీరు శవాన్ని ముట్టినారు. లోపలికి వద్దు."

"స్నానం చేసినా కదప్పా."

"చేసినా మైల మైలే సార్. నాలుగో జ్వరం దాటి, నాలుగోసారి పొర విడిచిన పురుగులు, ఇంగ నాలుగు దినాల్లో గూడు కడతాయి. మైల తగిల్తే పచ్చగా నీరు కారి సచ్చిపోతాయి. ఇంటోళ్ళే వస్తాండ్లేదు, మీకెట్ల చెప్పేది."

నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మా పురుగులు పెంచింది. మా చిన్నాయన పోయినప్పుడు పదకొండు రోజులు షెడ్డు వైపు మమ్మల్ని చూడనివ్వలేదు. పోలీసు ఉద్యోగంలో శవాలు మోసి మోసి మైల అనే మాటే మరిచిపోయాను. ఆ గడప ముందు చెప్పులు లేకుండా నిలబడి, ఎండకు కాళ్ళు కాలుతుంటే, నాకు ఒక ప్రశ్న తోచింది.

"పిళ్ళప్పా, నిన్న పురుగులకు నాలుగింటి ఆకు ఎవరేసినారు?"

"నేనూ, అర్పితమ్మా."

"ఆయమ్మ లోపలికి వచ్చిందా?"

"రాకేమి సార్, పురుగుల స్టాండ్లన్నీ ఆయమ్మే సర్దె. నాలుగు నుంచి అయిదు దాకా నా పక్కనే ఉండె."

"రోజూ మీరిద్దరేనా?"

"లేదు సార్, రోజూ ఆయమ్మా దేవరాజూ వేస్తారు. నిన్న దేవరాజుకు నడుం నొప్పన్యాడు. నాలుగుకు పది నిమిషాలుండంగా నాకు ఫోన్ చేసి, మామా ఈ పూట నువ్వు వెయ్యి అనె."

"ఇంట్లో పండుకున్యాడా?"

"ఈడనే ఉండె. ఆకు మోపులు మోసి గడప దాకా తెచ్చి దింపె. లోపలికి మాత్రం రాలే." పిళ్ళప్ప అంతవరకు చెప్పి, చేతిలో ఆకు కింద పెట్టేశాడు. "నడుం నొప్పితో మోపు ఎట్ల మోసె సార్?"

శవం కనబడింది ఆరూ పదికి. నాలుగు గంటలకు ఆ ఇంట్లో చావు ఉందని లోకంలో ఎవరికీ తెలియదు. తెలియనివాళ్ళకు మైల లేదు, అందుకే అర్పిత లోపలికి పోయి స్టాండ్లు సర్దింది. తెలిసినవాడు మాత్రం గడప దాటలేదు. అన్నను నీళ్ళలో వదిలి వచ్చినవాడికి కూడా పురుగుల మీద మైల పడకూడదనే బుద్ధి పోలేదు. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయిన బుద్ధి అది.

గెలిచానని అనిపించలేదు. నిద్ర కావాలనిపించింది.

డైరీ దగ్గర రూపేష్ కారు వెనక తలుపు తీసి నిలబడ్డాడు. మూడూ ఇరవై అయిదు. నేను చెప్పింది విన్నాడు. విని నవ్వాడు. ఆ నవ్వు ఏ శాతమో అతని టాబ్లెట్‌నే అడగాలి.

"పురుగుల ఇంట్లోకి పోలేదు కాబట్టి హంతకుడు. ఇది ఛార్జిషీటులో రాస్తారా మీరు?"

"రాయను సార్. అడుగుతాను."

"మూఢనమ్మకం ఆంజనేయప్పా అది. నాది సైన్సు."

"మీది సైన్సే సార్. మీ మిషన్ దుఃఖం అని చెప్పింది, దుఃఖమే. నేను కాదన్లేదు. ఎవరి వల్ల వచ్చిన దుఃఖమో మీరు దాన్ని అడిగితిరా? నవ్వు అని చెప్పింది, నవ్వే. ఏమిటికి నవ్విందో అడిగితిరా?"

"ఆమె ఏదో దాస్తోంది. అది మీకూ తెలుసు."

"తెలుసు. తనకోసం కాదు."

"మీ వయసుకు గౌరవం ఇచ్చి ఇంతవరకు విన్నాను," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎస్పీగారికి పన్నెండింటికే చెప్పేశాను, ముద్దాయి దొరికిందని. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

అదీ అసలు సంగతి. పాపం, దాచకుండా చెప్పాడు. ఆ ఒక్క మాటకు అతని మీద కోపం సగం తగ్గింది.

"అరగంట ఇవ్వండి సార్. నాలుగైతే తీసుకపోండి, నేను అడ్డం రాను. మీరు వెనక తలుపు అవతల నిలబడి వినండి. కెమెరా కావాలంటే పెట్టుకోండి."

గడియారం చూసుకున్నాడు. కారు తలుపు మూశాడు.

దేవరాజ్‌ను డైరీ వెనక పిట్టగోడ మీద కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను, ఎదురుగా కాదు. ఇద్దరం ఒకే వైపు, ఎండిన చెరుకుపిప్పి కుప్ప వైపు చూస్తూ. అతని ముఖం చూడదలచుకోలేదు. చూస్తే జాలి పడతానో, కొడతానో నా మీద నాకే నమ్మకం లేదు.

"నిన్న నాలుగింటి ఆకు నువ్వెందుకు వెయ్యలేదు నాయనా?"

"నడుం నొప్పి సార్."

"మోపులు ఎన్ని మోసినావు?"

"నాలుగు."

"ఒక్కోటి ఎంత బరువుంటాది?"

"ఇరవై కిలోలు."

"ఎనభై కిలోలు మోసేకి ఒప్పుకున్న నడుము గడప దాటేకి ఒప్పుకోలేదా?"

పక్కన ఊపిరి మాత్రం వినబడుతోంది.

"నీకు అప్పటికే మైల ఉండాదని నీకు తెలుసు. ఇంగెవరికీ తెలీదు." నేను గొంతు పెంచలేదు. పెంచే ఓపికా లేదు. "పొద్దున నుంచి మీ వదినను అడుగుతాండాం, మొగునితో ఏమిటికి పోట్లాడితివని. చెప్పలేదు. చెప్తే ఇంగొకరి బతుకు పోతాదనె. నాలుగింటికి ఆయమ్మను చిక్కబళ్ళాపురం ఎత్తుకపోతారు. ఆ ఇంగొకరు ఎవరో నీకు తెలుసా?"

నేను గడియారం చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. చివరికి, "నేనే సార్," అన్నాడు.

ఆ తరువాత అడగాల్సిన పని లేకపోయింది.

"చిన్నప్పుడు నాకు ఫిట్స్ వస్తాండె. పదేండ్లాయె రాక. తొండేభావిలో సంబంధం కుదిరింటే మా అన్న వాళ్ళకు ఫోన్ చేసి చెప్పేసినాడు. దాచి పెండ్లి చేస్తే తప్పంటాడు. నాలుగో సంబంధం సార్ అది. ముందర మూడు ఎట్ల పోయినాయో నిన్నే తెలిసె. ‘నువ్వు చేసింది తప్పు, వాని బతుకు చెడుపుతాండావు, ఇప్పుడు బాగుండాడు గదా’ అని వదిన అన్నను కేకలేస్తాంటే గోడ ఇవతల నిలబడి వింటి."

"నీకోసం పోట్లాడింది."

"ఊఁ."

"ఇప్పుడు నీకోసమే నోరు మూసుకోనుండాది."

అప్పుడు ఏడ్చాడు. తొంభై నాలుగో తొంభై తొమ్మిదో నేను చూడలేదు. భుజం నా భుజానికి తగిలి కదులుతుంటే తెలిసింది.

"ఒకటింటికి హొండ కాడికి పోతి. ఏమిటికి చెప్పినావని అడిగితి. ‘నీ మంచికేరా’ అనె. ఆ మాటకు తోసేస్తి సార్. ఒక్క తోపు. దిమ్మకు తల కొట్టుకొని నీళ్ళలో పడె. నాకు ఈత రాదు. తూర్పు పక్కకు ఉరికి తాడు పీక్కొచ్చి యేస్తి. అన్నా పట్టుకో, అన్నా పట్టుకో అంటి. పట్టుకోలేదు. ఒకసారి చెయ్యి కనబడె, అంతే."

"పిళ్ళప్పను పిలిచుంటే?"

"తోచలేదు సార్. ఇంటికి ఉరికితి."

"ఇంటికి పోయి?"

తలుపు వెనక రూపేష్ బూటు కిర్రుమంది.

"నాలుగింటికి నేను లోపలికి పోతాంటి సార్," అన్నాడు దేవరాజ్, నేను అడిగిందానికి కాకుండా వేరేదానికి జవాబు చెబుతూ. "రోజూ పోయేదే గదా, మోపు ఎత్తుకొని కాలు ఎత్తితి. నాకు బుద్ధి యాడుండాది అప్పుడు. అమ్మ వచ్చి చొక్కా పట్టుకొని వెనక్కి లాగింది. నువ్వు పోగూడదురా, పిళ్ళప్పకు ఫోన్ చెయ్యి అనె."

నేను లేచాను. మోకాలు కళుక్కుమంది. రూపేష్ తలుపులోంచి బయటికి వచ్చాడు. చేతిలో టాబ్లెట్ ఆరిపోయి ఉంది. మూడూ యాభై అయిదు. అతను దేవరాజ్ భుజం మీద చెయ్యి వేసి, మెల్లగానే, కారు వైపు నడిపించాడు. అంబికకు సైగ చేశాను, అర్పితను వదిలెయ్యమని.

చౌడమ్మ ఇంకా మెట్టు మీదే ఉంది. చిన్న కొడుకు భుజం మీద పోలీసు చెయ్యి చూసింది. ఏడుపు ఆపేసింది. పొద్దుటి నుంచి ఆగని ఏడుపు, కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ముఖంలో ఏమీ మిగల్లేదు.

నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"నిన్న మధ్యాహ్నమే తెలుసా తల్లీ నీకు?"

"ఒకటిన్నరకు వచ్చి చెప్పె. ఉరికి పోయి చూస్తి. నీళ్ళు కదల్లేదు." గొంతు బొంగురుపోయినా మాట స్థిరంగా ఉంది. "మళ్ళీ వచ్చి పొయ్యి కాడ కూర్చుంటి. ఆరుగంటల దాకా ఏడుపు మింగుకొనే ఉంటి అప్పా. కోడలు వచ్చి పక్కన కూర్చొని అన్నం తింటాంటే వడ్డిస్తి."

అడగాల్సింది అడిగాను.

"ఆరేండ్లు ఆయమ్మతో ఒకే ఇంట్లో ఉంటివి. ఆ నవ్వు ఏమిటో నీకు తెలీదా?"

"తెలుసప్పా. పెండ్లయిన మొదటి నెలలోనే తెలిసె. దొడ్లో పాము వస్తే పారిపోకుండా నవ్వుతా నిలబడె. నేనే పోయి లాక్కొస్తి. దానికి భయమొస్తే నవ్వొస్తాదని నాకు తెలిసినంతగా వాళ్ళ అమ్మకు గూడా తెలీదు."

"మరి ఆ ఇన్‌స్పెక్టరుకు అట్ల ఎందుకు చెప్తివి?"

"ఆయప్పకు తెలీదు గదా. అందుకే చెప్తి."

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎందరో అబద్ధం చెప్పగా విన్నాను. నిజం చెప్పి ఒక మనిషిని ఇంత నిండుగా ముంచడం వినలేదు. కోడలి ముఖం సరిగ్గా చదవగలిగింది ఈ ఊళ్ళో ఈమె ఒక్కతే, ఆ చదువును ఇందుకు వాడుకుంది.

"నన్ను తిట్టుకోవద్దప్పా," అంది చౌడమ్మ. "ఒకడు పాయె. ఇంగొకణ్ణి మీరు ఎత్తుకపోతే నాకు కొడుకు యాడ నుంచి వస్తాడు? కోడలంటే ఇంగొకామె వస్తాది."

వెనక అలికిడికి తిరిగాను. తలుపు తీసి ఉంది. అంబికా, ఆమె పక్కన అర్పితా నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. చౌడమ్మ కూడా తిరిగి చూసింది, చూసి మళ్ళీ దారి వైపు తిరిగింది. కారు ఆ దారిలోనే దుమ్ము లేపుకుంటూ పోతోంది.

అంబిక గొంతు సవరించుకుంది. "రామ్మా, జీపులో ఇంటి కాడ దింపుతా."

అర్పిత కదల్లేదు.

"యా ఇంటి కాడ అక్కా?" అంది.